తొడిగి సూసినావా?

మావ పోయాడన్న కబురు తెచ్చింది మా కొండ మీదికి జీపు నడిపే డ్రైవరు. మా ఆశ్రమ పాఠశాలలో అప్పుడే పిల్లలకి మధ్యాహ్నం అన్నాలు వడ్డిస్తున్నాం. మామూలుగా అయితే అతను వంటగది దాకా వచ్చి, సాంబారు వాసన బాగుందని ఓ మాట అని, మంచినీళ్ళు తాగి వెళ్తాడు. ఆ రోజు గేటు దగ్గరే నిలబడిపోయాడు. నేనే వెళ్ళాను. "మీ మావ తెల్లారగట్ల ఎలిపోనాడు మేడమా" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందుగా ఏమనిపించిందో దాచకుండా చెప్తాను. మావ పోయాడు, ఆ సావుకారు మాత్రం ఇంకా బతికే ఉన్నాడు అనిపించింది.

చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను, మా మావ గురించి మంచి మాటలకి కొరత లేదు. కానీ ఆయన పగ సంగతి వదిలేసి మిగతాది రాస్తే అది మా మావ అవడు. కాబట్టి పగతో కలిపే రాస్తున్నాను. అరకు సంతకి వెళ్ళే అలవాటున్నవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. బట్టల కొట్ల వరసలో, టీషర్టులు వేలాడేసిన ఒక కొట్టుకి సరిగ్గా ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడే భారీ మనిషి. ఏమీ అమ్మడు, ఏమీ కొనడు. అక్కడ ఎందుకు నిలబడ్డాడని చాలామంది నన్ను అడిగారు. ఇప్పుడు చెప్తున్నాను.

ఆయన మా అమ్మకి అన్న. మా నాన్న జ్వరమొచ్చి పోయాక అమ్మనీ నన్నూ తన ఇంటికి తెచ్చేసుకున్నాడు. మా అత్త కూడా ఒక్కనాడు మొహం ముడుచుకోలేదు. వాళ్ళకి పిల్లల్లేరు. కొన్నాళ్ళకి అమ్మ కూడా పోతే నన్ను వాళ్ళే పెంచారు. కొండ పక్కన కాఫీ తోట, తోటలో సిల్వరోకు చెట్లు, వాటికి పాకించిన మిరియాల తీగలు, అదీ మా బతుకు. నన్ను హాస్టల్లో వేసిన కొత్తల్లో, మా మాట తీరు చూసి తోటి పిల్లలు వెక్కిరించారని మావ దగ్గర ఏడ్చాను. వేరే ఎవరైనా అయితే ఊరుకోబెట్టి, వాళ్ళని పట్టించుకోవద్దని చెప్పేవాళ్ళు. ఆయన తుండుతో నా మొహం గట్టిగా తుడిచి, "ఏడకు గుంటా. గుర్తెట్టుకో" అన్నాడు. నా చదువంతా ఆ మాట మీదే నడిచింది.

ఇక టీషర్టుల సంగతి. ఆ రోజుల్లో మా కొండ మీద మగాళ్ళందరూ మోకాళ్ళ దాకా వేలాడే టీషర్టులు వేసుకు తిరిగేవారు. ఇంట్లో అన్న బట్టలు తమ్ముడికి తొడిగినట్టుండేది. చూడ్డానికి వచ్చిన టూరిస్టులు వాళ్ళని ఫొటోలు తీసి, పాపం వీళ్ళకి బట్ట వేసుకోవడం కూడా తెలీదని నవ్వుకునేవారు. తెలీక కాదు. సంతలో టీషర్టులు తెచ్చే ఆ సావుకారు మావాళ్ళని తొడిగి చూడనిచ్చేవాడు కాదు. చేత్తో చూసుకోవాలి, డబ్బిచ్చి పట్టుకుపోవాలి, అంతే. బిగుతైతే మార్చడు. అందుకని మావాళ్ళు ఎందుకైనా మంచిదని పెద్ద సైజు తీసుకునేవారు. తీసుకుని తీసుకుని, టీషర్టంటేనే అలా వేలాడాలి కాబోలు అనుకునే దాకా వచ్చారు. అదే కొట్లో టూరిస్టు వస్తే సావుకారు అద్దం తీసి ఎదురుగా పట్టుకునేవాడు. ఇది కూడా వేసి చూడండి సార్, అది కూడా వేసి చూడండి సార్ అని వెంటపడేవాడు.

ఆ సంతరోజు నేను మావ పక్కనే ఉన్నాను. పరీక్షలై హాస్టలు నుంచి వచ్చాను. కావడి బద్ద కింద చొక్కా కాలరు ఒరుసుకుని మెడ పుండు పడుతోందని, మెత్తటి టీషర్టు ఒకటి కావాలని మావ ఎప్పట్నుంచో అనుకుంటున్నాడు. కొట్లో ఒక టూరిస్టు నీలం టీషర్టు తొడిగి, అద్దంలో చూసుకుని, విప్పి పడేసి వెళ్ళాడు. మావ తన చొక్కా విప్పి, అదే తీసి తొడుక్కున్నాడు. ఆయనకి అందులో తప్పేమీ కనపడలేదు. నాకూ కనపడలేదు.

సావుకారు కొట్టు బల్ల దాటుకుని వచ్చాడు. ఒక్క మాట అడగలేదు. టీషర్టు అంచు పట్టుకుని పైకి లాగేశాడు. మెడ దగ్గర చిక్కుకుంది. మావ చేతులు రెండూ పైకి లేచిపోయి, మొహం గుడ్డలో ఇరుక్కుని, పొట్టంతా బయటపడి సంత నడిమధ్య నిలబడిపోయాడు. సావుకారు ఇంకా లాగుతూనే ఉన్నాడు. "మీ సెమట అంటితే ఇంకెవుడు కొంటాడ్రా దీన్ని?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అల్లం అమ్మేవాళ్ళు నవ్వారు, టూరిస్టులు నవ్వారు, మావాళ్ళలో కూడా ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్విన మొహాలన్నీ నాకు గుర్తున్నాయి.

మావ తన పాత చొక్కా వేసుకుని, గుండీలు కింది నుంచి పైకి ఒక్కోటీ పెట్టుకున్నాడు. నాకు కొంటానన్న గాజులు కొన్నాడు. జీపెక్కాం. ఇంటి ముందు దిగాక అప్పుడన్నాడు.

"నాను బతికున్నన్నాళ్ళూ ఈ కొండోడెవుడూ ఆడికాడ తొడిగి సూడకుండా కొనడు. ఆడు నాకాడికొచ్చి తప్పయిందన్నదాకా నాను ఒగ్గను."

పౌరుషంలో అన్నాడనుకున్నాను. వారం తిరిగేసరికి మావ సంతలో ఆ కొట్టుకెదురుగా నిలబడి ఉన్నాడు. గొడవ పెట్టుకోలేదు, తిట్టలేదు. కొండమనిషి ఎవరైనా ఒక టీషర్టు చేతిలోకి తీసుకోగానే దూరం నుంచే పెద్దగొంతుతో "తొడిగి సూసినావా?" అని అడిగేవాడు. ఆ మనిషి సిగ్గుపడి సావుకారుని అడిగేవాడు. సావుకారు కసిరేవాడు. మనిషి టీషర్టు అక్కడే పెట్టి వెళ్ళిపోయేవాడు. అలా ఎన్ని వారాలు గడిచాయో నేను లెక్కపెట్టలేదు కానీ, కొట్లో జనం పలచబడ్డారు. పక్క వరసలో వేరే సావుకారు తొడిగి చూడనివ్వడం మొదలుపెట్టాడు. చివరికి ఈ సావుకారు కూడా తప్పక ఒప్పుకున్నాడు. మూతి ముడుచుకునే ఒప్పుకున్నాడు.

అక్కడితో ఆగేవాడైతే మా మావ ఎందుకవుతాడు? తొడిగి చూడటం మొదలయ్యాక, ఎలా చూడాలో నేర్పడం మొదలుపెట్టాడు. కావడి మోస్తున్నట్టు చెయ్యి భుజం మీదికి మడవమనేవాడు. భుజం కుట్టు భుజం ఎముక చివరకి వచ్చి ఆగాలి, చేతి మీదికి జారితే పెద్దది, మెడ వైపు ఎక్కితే చిన్నది. తిరగేసి ఆ కుట్టు మీద బొటనవేలు నడిపించమనేవాడు. దళసరిగా తగిలితే బద్ద కింద ఒరుసుకుంటుంది, వద్దు. తర్వాత మిరియాలు కోయడానికి చెట్టెక్కినట్టు చేతులు రెండూ పైకెత్తమనేవాడు. బొడ్డు కనపడిందో, ఆ సందులోంచి ఎర్రచీమలు దూరి చెట్టు మీద డాన్సు ఆడిస్తాయి. ఆపైన గొంతుక్కూర్చోవాలి. వీపు మీద పట్టేస్తే పొట్ట దగ్గరా పట్టేస్తుంది. మెడ పట్టీ సాగదీసి వదిలితే మళ్ళీ ముడుచుకోవాలి. నూలో కాదో తెలియడానికి వేలితో నీటిచుక్క వేసేవాడు. ఇంకితే నూలు, జారిపోతే సావుకారు మాట. ఈ చివరిది ఆయన మాటే.

మీరు ఊహించుకోండి. సంత నడిమధ్యన, ఆ కొట్టు ముందు, బలమైన మగాళ్ళు వరసగా చేతులు పైకెత్తుతున్నారు, కూర్చుంటున్నారు, లేస్తున్నారు. పక్కన వాళ్ళ ఆడవాళ్ళు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నారు. సావుకారు మాత్రం మొహం మాడ్చుకుని కూర్చునేవాడు. నాకైతే సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఆ మొహం చూడటమే పండగ.

మావ కొంచెం అన్యాయం కూడా చేసేవాడు, నేను కాదనను. సావుకారు దగ్గర కొన్న ఒక టీషర్టుని గెడ్డ నీళ్ళలో ఉతికి, అది కుంచించుకుపోయి, పక్క కుట్టు తిరిగి బొడ్డు మీదికొచ్చిన తర్వాత, ఒక వెదురుగడకి తగిలించి కొట్టుకెదురుగా పాతాడు. అదలా గాల్లో ఊగుతోంది. సావుకారు కానిస్టేబులుని పిలుచుకొచ్చాడు. మావ చేతులు కట్టుకునే, "నానేటి సేత్తన్నాను బావూ? బట్ట ఆరేసుకున్నాను" అన్నాడు. కానిస్టేబులు దాన్ని కాసేపు చూసి, ఏ కొట్లో కొన్నావని అడిగాడు. కొట్టు చూపించాడు మావ. ఆ వారం అంతా మా ఇంట్లో అందరం ఆ ముచ్చటే చెప్పుకున్నాం. గట్టిగా ఉడకబెట్టి మరీ ఉతికాడని అత్తకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

మా అత్త చర్చికి వెళ్తుంది. ఒకసారి పాస్టరుగారు ఇంటికొచ్చి, పగవాడిని క్షమించాలని మావకి చాలాసేపు నచ్చజెప్పారు. మావ కాఫీ ఇచ్చి, మర్యాదగా అంతా విన్నాడు. విని, "దేవుడు సెమిత్తాడు బావూ, ఆయనికి సంత పన్లేదు. నాకు ప్రతీ వారం ఆడి మొకం సూడాలి గదా" అన్నాడు. పాస్టరుగారికి నవ్వాగలేదు. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు. నిజానికి మావ అడిగింది ఏమంత పెద్దది? తప్పయిందన్న ఒక్క ముక్క. సావుకారు ఆ ముక్క తప్ప మిగతావన్నీ అనేవాడు. సరదాకి చేశానన్నాడు, పరాచికం అన్నాడు, ఇంత చిన్నదానికి ఇంత చేస్తావా అన్నాడు. సరదా అన్నప్పుడల్లా మావ పంతం ఇంకాస్త బిగిసేది. ఏడిపించినవాడే సరదా అని తేల్చేస్తే ఇక ఏడ్చినవాడు ఎవరితో చెప్పుకోవాలి?

నన్ను చూసుకోవడానికి మా ఆయన వచ్చిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాడేరు నుంచి ఒంటికి అతుక్కుపోయే నల్ల టీషర్టు వేసుకుని, కండలు కనపడేలా దిగాడు. మావ జీతం అడగలేదు, పొలం అడగలేదు. ఏదీ, చేతులెత్తు అన్నాడు. ఆయన అయోమయంగా ఎత్తాడు. బొడ్డు కనపడింది. మావ నా వైపు తిరిగి, కుర్రోడు మంచోడే, బట్ట కొనడం నేర్చుకోవాలి అని తేల్చేశాడు. పెళ్ళయిన తర్వాత వారమే సంతకి తీసుకెళ్ళి, వేరే కొట్లో, రెండు బూడిదరంగు టీషర్టులు కొని పెట్టాడు. మా ఆయన వాటిని మెడ చిరిగేదాకా వేసుకున్నాడు. అంత హాయిగా ఉండే బట్ట తను ఎన్నడూ వేసుకోలేదని నాతో చెప్పాడు గానీ, మావతో చెప్పడానికి మొహమాటపడ్డాడు. నేనే చెప్పాను. మావ మూడు రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

కిందటేడు మావకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. అంత మనిషి సగమైపోయాడు. ఆయన టీషర్టులన్నీ ఒంటి మీద వేలాడాయి. అది ఆయనకి జబ్బు కన్నా ఎక్కువ బాధ. ఈ వేలాడే బట్టలతో సావుకారు నన్ను చూస్తే ఎలా అన్నాడు. సరిపోయేది కొందామని నేనే ఆటోలో సంతకి తీసుకెళ్ళాను. వేరే కొట్టుకి వెళ్దామన్నాను, వినలేదు. ఆ కొట్టుకే నడిచాడు. సావుకారు కూడా ముసలివాడైపోయాడు. మావ ఒకటి తీసి తల దూర్చాడు గానీ చేతులు లేవడం లేదు. సావుకారు లేచి వచ్చి చెయ్యి పట్టబోయాడు.

"ముట్టుకోకు" అన్నాడు మావ. గట్టిగా కూడా అనలేదు, అంత ఊపిరి లేదు.

సావుకారు, ఎప్పుడో సరదాకి చేసిందాన్ని ఇంకా మనసులో పెట్టుకున్నావా అంటూ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూసి నవ్వాడు. నేను మావ తల మీంచి టీషర్టు మెల్లగా తీసి, మడిచి అక్కడ పెట్టాను. ఖాళీ చేతులతో వచ్చేశాం. ఆటోలో నా భుజం మీద తల వాల్చి, "అన్నేదు సూసినావా" అన్నాడు. తప్పయిందన్న మాట అనలేదని. ఆయన నాతో ఆ విషయం మాట్లాడటం అదే ఆఖరు. ఆ రోజు సావుకారు మీద నాకు పుట్టిన కోపానికి నా దగ్గర పేరు లేదు.

పోయినరోజు నేను కొండెక్కేసరికి మావని వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. మావాళ్ళలో మనిషి పోతే వచ్చినవాళ్ళు కొత్తబట్ట తెచ్చి మీద కప్పుతారు. తువ్వాళ్ళు, పంచెలు, దుప్పట్లు. ఎండ వాలుతుండగా జీపులోంచి సావుకారు దిగాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతిలో కవరు, అందులో కొత్త టీషర్టు.

నేను లేవబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చావింటికి వచ్చిన మనిషి కదా అన్నట్టు చూసింది. నేను ఊరుకునేదాన్నే. ఆయన వచ్చి, బట్ట కప్పి, దండం పెట్టి వెళ్ళిపోయి ఉంటే పళ్ళు నూరుకుంటూ ఊరుకునేదాన్ని. కానీ ఆయన మంచం పక్కన నిలబడి ఊరి పెద్దల వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకూ ఇతనికీ అన్నదమ్ముల్లాంటి చనువు, ఎప్పుడో సరదాకి ఓసారి బట్ట లాగితే దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళూ నన్ను ఆడించాడు అని నవ్వాడు. పెద్దలు కూడా మొహమాటానికి నవ్వబోయారు. అంటే మావ పగ, మావ ఎండలో నిలబడ్డ అన్ని వారాలు, అన్నీ ఒక పరాచికమైపోతాయి. మావ మట్టిలోకి వెళ్ళకముందే, ఆయన పక్కనే నిలబడి ఆ కథ మార్చేస్తున్నాడు. అప్పుడు లేచాను.

"తొడిగి సూసినారా?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నేను అర్థమయ్యేలా చెప్పాను. మా మావ తొడిగి చూడకుండా ఏదీ వేసుకోలేదు. ఇప్పుడాయన చేతులెత్తలేడు. మీరు తొడిగి చూపించండి, బాగుంటే వేస్తాం. ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. పెద్దల వైపు చూశాడు. వాళ్ళు మావ వైపు చూస్తున్నారు. వెనక్కి జీపు వైపు చూశాడు. డ్రైవరు బీడీ ముట్టించుకుంటున్నాడు.

తెల్లచొక్కా గుండీలు విప్పి, మా కంచె కర్రకి తగిలించాడు. అంతమంది మధ్యలో ఒళ్ళంతా బయటపెట్టుకుని నిలబడ్డాడు. టీషర్టులో తల దూర్చాడు. నేను చేతులెత్తమన్నాను. ఎత్తాడు. కావడి మోస్తున్నట్టు చెయ్యి మడవమన్నాను. మడిచాడు. కూర్చోమన్నాను. మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు, లేవడానికి నేల మీద చెయ్యి ఆనించాడు. మంచి టీషర్టే తెచ్చాడు, ఆ మాట చెప్పాలి. నూలుది, కుట్టు సన్నంగా ఉంది. మావ ఒంటికి సరిగ్గా సరిపోయేదే, జబ్బు చేయకముందు మావకి. అన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని కొలత బాగానే పట్టాడు.

ఆయన దాన్ని విప్పి మావ మీద కప్పబోతుంటే, అత్త లేచింది. దగ్గరికి వెళ్ళి, మెడ దగ్గర తడిసిన చోట బట్ట రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"నీ సెమట అంటింది సావుకారూ. ఇంక మాకేటికి? నువ్వే ఎట్టుకో."

సావుకారు మొహం చూశాను. మరచిపోయినవాడి మొహం కాదది. ఎవరేమన్నారో, ఎక్కడన్నారో, అంతా గుర్తున్న మొహం. పెదవులు కదిలాయి. ఇప్పుడైనా అంటాడని నేను నిలబడి చూశాను. అత్త కూడా చూసింది. అనలేదు. ఆ టీషర్టే మళ్ళీ తొడుక్కుని జీపెక్కి కొండ దిగిపోయాడు.

మావకి తన సొంత బూడిదరంగు టీషర్టే వేసి పంపాం. నాకు జాలి కలిగిందా అని మా ఆయన తర్వాత అడిగాడు. లేదు. సంతోషమైంది. చాన్నాళ్ళ తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను, అత్తకీ పెట్టాను.

సావుకారు హడావుడిలో తన తెల్లచొక్కా మా కంచె మీదే మరిచిపోయాడు. దినం కాకముందే జీపు డ్రైవరుతో అడిగి పంపాడు. ఇవ్వలేదు. ఆయన్నే రమ్మన్నాను, వచ్చి ఆ ఒక్క మాట చెప్పి తీసుకెళ్ళమన్నాను. ఇంకా రాలేదు. మా కొండ మీద వానలు మొదలయ్యాయి. చొక్కా తడుస్తోంది, ఆరుతోంది, మళ్ళీ తడుస్తోంది. పొద్దున్నే అత్త వాకిలి ఊడ్చేటప్పుడు ఆ కంచె దగ్గర ఆగి, చీపురు చంకలో పెట్టుకుని, చొక్కాకి పట్టిన సాలెగూడు దులిపి, మళ్ళీ ఊడ్చుకుంటూ వెళ్తుంది.